పొట్టకు చోటున్న పరుపు

కరోనా రెండోసారి ఊళ్ల మీద పడ్డప్పుడు నేను జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. మా ఇల్లు కోరుట్లలో. మామూలు రోజుల్లో పొద్దున బస్సెక్కి డ్యూటీకి వచ్చి, సాయంత్రం బస్సుకు ఇల్లు చేరేదాన్ని. ఆ ఎండాకాలం మాత్రం, నా నుంచి అత్తమ్మకు అంటుతుందేమోనని భయపడి, ఆసుపత్రి వెనక గదిలో ఇంకో ఇద్దరు నర్సులతో కలిసి ఉండిపోయాను. ఇంట్లో మా ఆయనా అత్తమ్మా మాత్రమే.

మా ఆయనది సీట్ల దుకాణం. ఆటోలకు, ట్రాక్టర్లకు సీట్లు కుడతాడు. పెళ్లిళ్ల కాలంలో సోఫాలు కూడా చేస్తాడు. లాక్‌డౌన్ పెట్టాక షట్టర్ దించి ఇంట్లో పడ్డాడు. ఖాళీగా కూర్చోవడం ఆయన వల్ల కాదు. ఇంట్లో ఉన్న కుర్చీలన్నిటికీ కొత్త సీట్లు వేసి, అవి అయిపోయాక అత్తమ్మ కూర్చునే పీటకు కూడా మెత్త కుట్టాడట. పీట ఎత్తు పెరిగి పొయ్యి అందడం లేదని అత్తమ్మ ఫోనులో నాతో ఫిర్యాదు చేసింది. ఆ రోజుల్లో నేను నవ్విన నవ్వు అదొక్కటే.

కడుపుతో ఉండి కరోనా వచ్చిన ఆడవాళ్లకు మా దగ్గర ఒక గది వేరుగా ఉండేది. అందులోకి సారంగాపూర్ దిక్కు పల్లె నుంచి ఒక పిల్ల వచ్చింది. ఏడో నెల. మొగుడు ఈత చెట్లు గీస్తాడు, ఈమె ఇంట్లో బీడీలు చుడుతుంది. వచ్చినప్పుడే ఆయాసంగా ఉంది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టాం. మాస్కు ఉంటే మాట్లాడొద్దని చెప్పినా వినేది కాదు. రెండు మాటలు, ఒక ఊపిరి, మళ్లీ రెండు మాటలు.

పక్క వార్డులో మగవాళ్లను, ముసలివాళ్లను గంటలకొద్దీ బోర్లా పడుకోబెడుతున్నాం. అలా పడుకుంటే ఊపిరితిత్తుల వెనక భాగంలోకి గాలి బాగా వెళ్తుంది. వేలికి పెట్టే మిషను మీద ఆక్సిజన్ అంకె పెరగడం కళ్ల ముందే కనిపిస్తుంది. ఈ పిల్ల తలుపు సందులోంచి అదంతా చూసినట్టుంది. ఒకరోజు నేను సెలైను మారుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, గా వార్డుల అందరిని బోర్ల పండవెడుతున్రు గద. నన్నెందుకు పండవెడ్తలేరు?"

"నీకు కడుపున్నది గద బిడ్డా. బోర్ల పంటె లోపల పిల్ల మీద బరువు పడుతది."

ఆమె కొంచెంసేపు ఊపిరి కూడదీసుకుంది. "అయితె బరువు పడకుంట పండవెట్టుండ్రి. గా ఉపాయం నాకెర్కనా, మీకెర్కనా?"

వార్డు చూస్తున్న డాక్టరు మేడం దగ్గరికి పోయి ఆ పిల్ల అన్న మాట అన్నట్టే చెప్పాను. మేడం ప్రసూతి డాక్టరు. అప్పటికి ఎన్ని రోజులుగా సరిగా నిద్రపోలేదో, కళ్ల కింద మాస్కు అంచుల గుర్తులు నల్లగా పడిపోయాయి. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"సరిగ్గానే అడిగింది సిస్టర్. పొట్టకు తగలకుండా పైనా కిందా దిండ్లు పెట్టి, కడుపుతో ఉన్నవాళ్లను కూడా బోర్లా పడుకోబెట్టొచ్చు. కానీ పొట్ట నలగకూడదు. బిడ్డ గుండె చప్పుడు మాటిమాటికీ వింటూ ఉండాలి. ఈ రెండూ చేయగలిగితేనే చేద్దాం."

ఆ పూటే ప్రయత్నించాం. ఆసుపత్రి దిండ్లు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. ఎన్ని పేర్చినా మనిషి బరువు పడగానే అణిగి రొట్టెల్లా అయిపోయాయి. పైది ఒక దిక్కు, కిందిది ఒక దిక్కు జారింది. పిల్ల పక్కకు ఒరిగిపోతుంటే నలుగురం పట్టుకుని తిప్పాం. మేడం వెంటనే ఆపేయమంది. దగ్గు తెరలు తగ్గేదాకా నేను ఆమె వీపు రాస్తూ కూర్చున్నాను.

మరునాడు అంబులెన్సు డ్రైవరన్న సంగతి విని ఒక కారు ట్యూబు తెచ్చిచ్చాడు. నడుమ ఖాళీ ఉంటుంది కదా, పొట్ట అందులోకి వస్తుంది అన్నాడు. మాట బాగానే ఉంది. సబ్బుతో కడిగి, గాలి నింపి, దుప్పటి చుట్టి మంచం మీద పెట్టాం. ఆ పిల్ల మోకాళ్ల మీద వంగి, ట్యూబు మీద ఛాతీ ఆనించగానే అది పడవలాగా ఊగింది. రబ్బరు వాసన గుప్పుమంది. ఆమె చటుక్కున లేచి కూర్చుని, మాస్కులోంచే అంది: "అమ్మో సిస్టరమ్మా, నాకు ఈత రాదు!"

గదిలో ఉన్న మిగతా ఇద్దరు గర్భిణులూ నవ్వారు. మేమూ నవ్వాం. కానీ ఆ పిల్ల వేలి మీది అంకె ముందు రోజు కన్నా కిందికి దిగి ఉంది. అది చూశాక ఎవరికీ నవ్వు మిగల్లేదు.

డ్యూటీ దిగి, ఒంటి నిండా తొడుక్కున్న ప్లాస్టిక్ కిట్టు విప్పి, స్నానం చేసి మా ఆయనకు ఫోను చేశాను.

"ఇగో, నువ్వు సీటు కుట్టెటప్పుడు నడుమ గుంత పెడితె, కూసున్నోని బరువు ఏడ పడుతది?"

"ఏందే, దుకాణం బందైనంక నేర్సుకుంటవా నా పని?" అన్నాడు.

అంతా చెప్పాను. దిండ్లు, ట్యూబు, ఈత రాదన్న మాట, వేలి మీది అంకె. అటు నుంచి సొరుగు లాగిన చప్పుడు వచ్చింది. కాగితం, పెన్సిలు వెతుకుతున్నాడు.

"ఉన్నవా?"

"ఉన్న. ఆమె ఎత్తెంత? బరువెంత? పొట్ట ఎంత ముందుకున్నది?"

"పొట్టకు ఏది తగలద్దు. మేడం గట్టిగ చెప్పింది."

"తగలది. గందుకే అడుగుతున్న. బరువంత మీద రొమ్ము కాడ, కింద తుంటి కాడ ఆగాలె. ఆటోవోళ్లు పొద్దంత కూసుంటరు గద, సీటు సక్కగ లేకుంటె బరువు నడుముకెక్కి మంచానవడ్తరు. రొమ్ము బొక్క, తుంటి బొక్క మీద ఆపిన బరువు నొయ్యది. నాకు కొలతలు పంపు."

కొలతలు తీయడానికి ఆసుపత్రిలో టేపు దొరికింది కానీ ఆ పిల్లకు చక్కిలిగింత. భుజం నుంచి రొమ్ము కింది దాకా, అక్కడి నుంచి పొట్ట అయిపోయే చోటుదాకా, తుంటి నుంచి మోకాలిదాకా కొలిచేలోపు మెలికలు తిరిగిపోయింది. "దర్జీవి గూడనా నువ్వు, సిస్టరమ్మా?" అని అడిగింది. "కాదు, నీకు మంచం కుట్టే దర్జీ కోరుట్లల ఉన్నడు" అన్నాను. మా ఆయన అని చెప్పలేదు. ఎందుకో సిగ్గేసింది.

లాక్‌డౌన్‌లో పొద్దున కాసేపు సడలింపు ఉండేది. మా ఆయన తన దగ్గరున్న స్పాంజితో మొదటి పరుపు చేసి, తెలిసినవాళ్ల ట్రాలీ ఆటోలో వేసుకుని ఆ వేళకే బయల్దేరాడు. దారిలో పోలీసులు ఆపారట. లోపల ప్లైవుడ్ చెక్క మీద బిగించిన ఎత్తు మెత్తలు చూసి, "ఏందయ్యా, గీ టైముల సోఫా డెలివరీనా?" అన్నారట. కడుపుతో ఉన్నవాళ్లు బోర్లా పండుకోవడానికి అని ఈయన చెబితే ఆ పోలీసాయనకు అర్థం కాలేదు. అప్పుడు మా ఆయన నడిరోడ్డు మీద ట్రాలీలోకి ఎక్కి, ఆ పరుపు మీద బోర్లా పడుకుని చూపించాడు. ఆయనకు కొంచెం బొజ్జ ఉంది. ఆ బొజ్జ సరిగ్గా నడిమి గుంతలో కూర్చుంది. "పోనియ్, పోనియ్" అని పంపించేశారట.

ఆసుపత్రి గేటు దగ్గర సరుకు దించి దూరంగా నిలబడ్డాడు. నేనూ ఇవతలే ఆగిపోయాను. అన్నాళ్ల తర్వాత మనిషిని చూడటం అదే మొదలు. ఇద్దరికీ మాస్కులే.

"బక్కగైనవ్," అన్నాడు.

"నువ్వు లావైనవ్."

"మంచిగే అయింది. పరుపు కొలత సూసుకునేటందుకు పనికచ్చింది."

ఆయన ట్రాలీ ఎక్కి వెళ్లిపోయాడు. నేను మాస్కు మీద పెట్టుకున్న ప్లాస్టిక్ అద్దం తుడుచుకుని పరుపు లోపలికి పట్టించాను.

నాలుగు ముక్కల పరుపు అది. నుదురు ఆనుకోవడానికి గుండ్రటి మెత్త, ఛాతీ కింద ఎత్తయిన దిమ్మె, తరువాత ఖాళీ, తుంటి కింద మరో దిమ్మె, పాదాలు వేలాడకుండా చివర ఒక చుట్ట. అన్నిటికీ రెగ్జిన్ తొడిగాడు, తుడిస్తే శుభ్రమవుతుందని. మేడం దాన్ని రోగి దగ్గరికి పోనివ్వలేదు. వార్డు బయటే, పొట్టకు దిండు కట్టుకుని ముందు తనే ఎక్కి పడుకుంది. మేం చుట్టూ నిలబడ్డాం. చాలాసేపు కదల్లేదు.

"మేడం, ఏమన్నా ఇబ్బందిగా ఉందా?"

"లేదు సిస్టర్. లేవాలనిపించడం లేదు," అంది మెత్తలోంచి.

కానీ ఆ పిల్లకు అది కుదరలేదు. ఎక్కించిన కాసేపటికే ఛాతీ కింది మెత్త కుంగింది. మేడం వంగి చెయ్యి పెట్టి చూసింది. పొట్ట కింద ఖాళీ తగ్గిపోతోంది. నుదుటి మెత్త ఆక్సిజన్ గొట్టాన్ని నొక్కుతోంది కూడా. దించేశాం. పిల్ల ముఖం చిన్నబోయింది. "మంచిగనే ఉండె గద సిస్టరమ్మా, జరంత సేపైతె ఉంచరాదుండ్రి," అంది. ఆ కాస్తలోనే ఆమెకు ఊపిరి తేలికైనట్టు అనిపించిందట. ఆ మాట మాకు గట్టి బలమైంది. దారి సరైనదే, మెత్తే సరిగ్గా లేదు.

మా ఆయనకు చెబితే నొచ్చుకుంటాడనుకున్నాను. "సీటన్నంక ఆరు నెలలకు కుంగుతది. గిది గంటకే కుంగిందా? మెత్తగుండాల్నని ఒక్కటే తీరు స్పాంజి వేసిన, గదే తప్పు," అని వెంటనే పనిలో పడ్డాడు. తెలిసిన సోఫాల దుకాణం నుంచి ముక్కలను కలిపి అతికిన గట్టి స్పాంజి తెచ్చాడు. అడుగున అది, మీద చేతి మందాన మెత్తటిది. గొట్టం పోవడానికి నుదుటి మెత్తకు ఒక పక్క కోత పెట్టి గుర్రపు నాడాలా చేశాడు. చేసిన ప్రతిసారీ తానే బోర్లా పడుకునేవాడు. కుంగుతుందో లేదో చూసే పని అత్తమ్మది. ఆమె పక్కన కూర్చుని, కాసేపటికోసారి కొడుకు బొజ్జ కింద చెయ్యి దూర్చి చూసేది.

వీడియో కాల్‌లో అదంతా నాకు చూపించారు.

"ఇంక తాకుతాంది రా కొడుకా," అంటోంది అత్తమ్మ.

"అమ్మా, ఊపిరి వట్టిన గదనే!"

"నువ్వు ఊపిరి వడితె ఎట్ల? ఆమె ఊపిరి తీసుకునేటందుకే గద గిది!"

ఆయన ఊపిరి వదిలాడు. బొజ్జ దిగింది. అత్తమ్మ చెయ్యి నలిగి కెవ్వుమంది. దిమ్మె ఎత్తు ఇంకొంచెం పెంచాడు.

రెండో పరుపు కుంగలేదు. మేడం మళ్లీ చెయ్యి పెట్టి చూసి తలూపింది. కానీ కొంచెంసేపటికే ఆ పిల్ల వీపు సవరించుకోవడం మొదలుపెట్టింది.

"ఏమైతాంది బిడ్డా?"

"పొట్ట ఏలాడుతాంది. వీపు గుంజుతాంది. పొట్ట కింద ఓ తొట్టెల కట్టరాదుండ్రి."

తొట్టెల, అంటే ఉయ్యాల, అని ఆమె అన్నది ఏదో మాటవరసకు. నేనూ మేడమూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నిజమే కదా. ఏడు నెలల పొట్ట ఏమీ లేకుండా కిందికి వేలాడితే నడుము ఎంతసేపని ఓర్చుకుంటుంది? నొక్కకూడదు గానీ, మోసే గుడ్డ ఉంటే?

గుడ్డ అనగానే మా అక్క గుర్తొచ్చింది. అక్క సిరిసిల్లలో ఉంటుంది. బావ మరమగ్గాల మీద పనిచేస్తాడు, అక్క ఇంట్లోనే లంగాలు కుడుతుంది. మా అమ్మానాన్నలు గంభీరావుపేట దగ్గర కూలికి పోయి మమ్మల్ని సాకారు. నన్ను నర్సింగు చదివించాలని పట్టుబట్టింది మా అక్క. తాను మాత్రం కుట్టు మిషను దగ్గరే ఉండిపోయింది. ఫోను చేసి చెప్పాను.

"పొట్టకు తొట్టెలనా?" అంది అక్క. "ఎంత వెడల్పు? రెండు దిక్కుల ఏడ కడ్తరు? చెల్లె, పోగు సాగద్దు. సాగే గుడ్డ మొదలు మంచిగుంటది, తర్వాత జారుతది. నూలు గుడ్డ రెండు పొరలేసి అడ్డంగ కుట్లు కొడత. ఉతికితె గూడ ఏంగాదు."

"ఎప్పటి వరకు పంపుతవు అక్కా?"

"గా పిల్ల ఆడ ఊపిరాడక కొట్టుకుంటుంటె ఎప్పటి వరకు అంటవేందే? మిషన్ మీద కూసున్న."

నిజంగానే ఫోను పక్కన పెట్టి మొదలుపెట్టింది. మిషను చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు కత్తిరించి ఇస్తూ ఉంటే అక్క కుట్టింది. రెండు చివర్లా పట్టీలు, పట్టీలకు బడి సంచులకుండే కొక్కేలు. ఒకటి కాదు, మూడు వెడల్పుల్లో కుట్టింది. రెగ్జిన్ మీద ఎండాకాలం ఒళ్లు కాలుతుందని నేను అనగానే, దిమ్మెలకు తొడిగే నూలు గలీబులు కూడా కుట్టింది. వేములవాడ మీదుగా మందులు తెచ్చే బండిలో ఆ మూట మాకు చేరింది. విప్పితే కొత్త గుడ్డ వాసన. లోపల, అక్క అలవాటు ప్రకారం, అటుకుల పొట్లం కూడా ఉంది.

ఆ రోజు పొద్దున్నే మొదలుపెట్టాం. నాకు బాగా గుర్తు, కిటికీ దిక్కు నుంచి ఎండ మంచం మీద పడుతోంది. మేడం ముందు బిడ్డ గుండె చప్పుడు వినే మిషను పొట్ట మీద పెట్టింది. టకటకటక అని గుర్రం పరుగెత్తినట్టు చప్పుడు గదంతా వినిపించింది. తరువాత ఆ పిల్లను మోకాళ్ల మీద కూర్చోబెట్టి మెల్లగా ముందుకు వంచాం. ఛాతీ దిమ్మె మీద ఆనింది. తుంటి దిమ్మె మీద ఆనింది. ముఖం కొంచెం పక్కకు తిప్పి నుదురు మెత్త మీద పెట్టాం. మాస్కు గొట్టం కోతలోంచి సాఫీగా బయటికి వచ్చింది. ఇక తొట్టెల. నేను మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కింది నుంచి గుడ్డ తీసి రెండో వైపు నర్సుకు అందించాను. కొక్కేలను మంచం పక్క కడ్డీలకు బిగించేటప్పుడు మేడం అడుగడుగునా ఆపింది. "ఇంకొంచెం వదులు. చెయ్యి దూర్చి చూడండి. దూరాలి. మొయ్యాలి గానీ పట్టుకోకూడదు."

నా చెయ్యి పొట్టకూ గుడ్డకూ మధ్య సులువుగా దూరింది. లోపలి నుంచి బిడ్డ నా చేతి మీద ఒక్క తన్ను తన్నింది.

"ఎట్లున్నది బిడ్డా? వీపు గుంజుతాందా?"

"లే," అంది. ఒక్క మాటే. అంత మాటకారి ఒక్క మాటతో ఆపేసరికి నాకు భయం వేసింది. మేడం మళ్లీ గుండె చప్పుడు మిషను పెట్టింది. పక్క నుంచి చెయ్యి దూర్చి పెట్టడానికి చోటు సరిపోయింది. అదే గుర్రం, అదే పరుగు.

అందరి కళ్లూ వేలి మీది అంకె మీదికి పోయాయి. మొదట కదల్లేదు. తరువాత ఒకటి పెరిగింది. కిందికి వస్తుందేమో అనుకున్నాం, రాలేదు. ఇంకొకటి పెరిగింది. పక్క మంచం మీది గర్భిణి లేచి కూర్చుని చూస్తోంది. కొంతసేపటికి అంకె తొంభై దాటింది. ఇంకా ఎక్కుతోంది. రొమ్ము ఎగిరెగిరి పడటం తగ్గి, ఊపిరి పొడుగైంది.

అప్పుడు ఒక శబ్దం వచ్చింది. నేను ఉలిక్కిపడి మాస్కు వైపు వంగాను. గొట్టం ఎక్కడన్నా ఊడిందా అని చూశాను. మేడం నా భుజం మీద చెయ్యి వేసింది. కళ్లద్దాల వెనక ఆమె కళ్లు నవ్వుతున్నాయి, నీళ్లు కూడా ఉన్నాయి.

"గురక, సిస్టర్. గురక పెడుతోంది."

వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల కూర్చునే కునుకులు తీసింది. పడుకుంటే ఊపిరాడేది కాదు. అలాంటిది, ఎండ కిటికీ నుంచి గోడ మీదికి పాకేదాకా నిద్రపోయింది. మేం మధ్యమధ్య గుండె చప్పుడు విన్నాం, దిమ్మెల కింద చెయ్యి పెట్టి చూశాం. మళ్లీ పక్కకు తిప్పి పడుకోబెట్టినప్పుడు కళ్లు తెరిచి అడిగింది: "బువ్వెప్పుడు వెడ్తరు?"

బయట సైకిల్ స్టాండు నీడలో ఆమె అత్త కూర్చుని ఉండేది. పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. ఆ ముసలమ్మ నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నేను వద్దమ్మా అంటుంటే, "నీకు గాదు బిడ్డా, పైనోనికి. నీకు మల్ల పెడత," అంది.

మా ఆయనకు ఫోను చేసి చెబితే, ఫోను అత్తమ్మకు ఇచ్చాడు. "ఏడుస్తాండు," అంది అత్తమ్మ. "ఇంకో పరుపుకు స్పాంజి సరిపోతదా అని గూడ అడుగుతాండు."

ఒకటితో ఆగేది కాదని అప్పటికే మాకు తెలుసు. పక్క మంచం ఆమె అప్పుడే వంతు అడిగేసింది. ఆమెది ఎనిమిదో నెల, పొట్ట పెద్దది. ఇంకొకామెది ఐదో నెల. ఎవరికి వాళ్లకు వేరే పరుపంటే ఎక్కడ సాధ్యం? మా ఆయన ఆలోచించి, దిమ్మెలను చెక్కకు మేకులు కొట్టడం మానేశాడు. బూట్లకు ఉండే అంటుకునే పట్టీలు వెడల్పువి తెప్పించి, చెక్కకూ దిమ్మెల అడుగుకూ వేశాడు. దిమ్మెను పీకి ముందుకో వెనక్కో జరిపి మళ్లీ అంటిస్తే చాలు. పొట్టకు ఎంత చోటు కావాలంటే అంత చోటు. మొదటిసారి అది జరిపి చూసినప్పుడు మేడం చిన్నపిల్లలా పీకుతూ అంటిస్తూ ఉండిపోయింది. చర్‌ర్ మని చప్పుడు వచ్చినప్పుడల్లా గదిలో వాళ్లు నవ్వేవారు.

అందరూ బతికారని చెప్పను. మెట్‌పల్లి దిక్కు నుంచి ఒకామెను బాగా ఆలస్యంగా తెచ్చారు. పరుపు పక్కనే సిద్ధంగా ఉంది. ఆమెను దాని మీదికి తిప్పే వీలే మాకు దొరకలేదు. దిమ్మెలను తుడిచి గోడకు ఆనించి, చాలాసేపు వాటి వైపు చూడలేకపోయాను. సాయంత్రం మేడం వచ్చి, "తరువాతి వంతు ఎవరిది సిస్టర్?" అని అడిగింది. లేచి గలీబు మార్చాను.

కోరుట్లలో షట్టర్ సగం ఎత్తి ఇద్దరు ముగ్గురు సీట్ల పనివాళ్లు మా ఆయనతో చేరారు. సిరిసిల్లలో అక్క వీధి ఆడవాళ్లంతా తొట్టెలలు కుట్టారు. లంగాలకు ఆర్డర్లు లేక మూలకు పడ్డ మిషన్లన్నీ కదిలాయి. అటు సిరిసిల్లలో, ఇటు కోరుట్లలో కూడా డాక్టర్లు అడిగి తీసుకున్నారు. ఎలా వాడాలో, ఎప్పుడు వాడకూడదో, గుండె చప్పుడు ఎలా వింటూ ఉండాలో మేడం ఫోనులో ఓపికగా చెప్పేది. తొట్టెల ఎంత వదులుండాలో చెప్పడం మాత్రం నా వంతు. "చెయ్యి దూరాలి" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఆ సారంగాపూర్ పిల్లకు ముందు మాస్కు తీసి ముక్కు గొట్టం పెట్టాం, తరువాత అదీ తీసేశాం. ఇంటికి పంపే రోజు చక్రాల కుర్చీ తెస్తే ఎక్కనంది. కారిడార్ పొడుగునా నడిచింది. అటూ ఇటూ నర్సులు, ఆయాలు, కిట్లు వేసుకున్న డాక్టర్లు చప్పట్లు కొట్టారు. చేతి తొడుగులతో కొట్టిన చప్పట్లు కదా, మెత్తగా, వాన మొదలైనట్టు వినిపించాయి. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"సిస్టరమ్మా, గా కోరుట్ల దర్జీ ఎవలు? ఒక్కసారి సూపియ్యవా?"

"మా ఆయననే," అన్నాను. ఈసారి సిగ్గనిపించలేదు.

వానలు పడ్డాక, నెలలు నిండి, ఆమె మా దగ్గరికే కాన్పుకు వచ్చింది. పురుడు పోసింది మేడమే. ఆడపిల్ల. బయటికి వస్తూనే అరిచిన అరుపు కారిడార్ చివర మందుల గది దాకా వినిపించింది. "తల్లి నోరే," అంది మేడం, బొడ్డు కోస్తూ. నేను పాపను గుడ్డలో చుట్టి అత్త చేతికి ఇచ్చాను. ముసలమ్మ ఈసారి దండం నిజంగా నాకే పెట్టింది.

తరువాత కొన్ని రోజులకు ఒక పొద్దున, పాప తండ్రి ఈత కల్లు లొట్టి భుజాన పెట్టుకుని కోరుట్లలో మా దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు. అప్పుడే చెట్టు మీద నుంచి దించిన తియ్యటి కల్లు. దుకాణాలు మళ్లీ తెరిచిన కాలం అది. మా ఆయన ముందు మొహమాటపడ్డాడు. "ఏ, తాగన్నా, నా బిడ్డ మీద ఒట్టు," అని అతను చేతిలో గ్లాసు పెట్టాడు. ఇద్దరూ దుకాణం ముందు స్పాంజి కట్ట మీద కూర్చుని, ఆ లొట్టి ఖాళీ అయ్యేదాకా పాప గురించే మాట్లాడుకున్నారట. ఆ మధ్యాహ్నం మా ఆయన ఒక ట్రాక్టరు సీటు వంకర కుట్టి, సాయంత్రం దాకా కూర్చుని మళ్లీ విప్పుకున్నాడు.